రికంబెంట్ ట్రైక్‌కి హబ్ మోటారు, బ్రేకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

వెనక్కి వాలి కూర్చుని, కాళ్ళు ముందుకి చాపి తొక్కే మూడు చక్రాల సైకిల్‌కి మోటారు పెట్టుకోవాలనుకునే వాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, బ్యాలెన్స్ కుదరనివాళ్ళు, ఊరికే సరదా కొద్దీ మొదలుపెట్టేవాళ్ళు అందరూ అడిగే సందేహాలు ఇంచుమించు ఇవే. అందుకే ఒకచోట పెట్టాను. మామూలు సైకిల్ కిట్ల గురించి దొరికే సలహాల్లో సగం ట్రైక్‌కి పనికిరావు.

ఇక్కడ ట్రైక్ అంటే ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉండే టాడ్‌పోల్ రకం. ముందు చక్రాలు 20 అంగుళాలవి, వెనకది 20 గానీ 26 గానీ. వెనక రెండు చక్రాలుండే డెల్టా రకం సంగతి వచ్చినచోట విడిగా చెప్పాను. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తున్నా: బ్రేకులకయ్యే డబ్బు తీసి పక్కన పెట్టుకోండి, మిగిలినదాంతో మోటారు చూడండి.

## కొనే ముందు

మోటారు ముందు చక్రానికి పెట్టాలా, వెనక చక్రానికా?

టాడ్‌పోల్ అయితే వెనక చక్రానికే. ముందు చక్రాలు రెండూ ఒకవైపు మాత్రమే యాక్సిల్ ఆధారంగా నిలబడతాయి. మార్కెట్లో మామూలుగా దొరికే హబ్ మోటారుకి (చక్రం మధ్యలోనే ఉండే మోటారు) యాక్సిల్ రెండు కొసలనూ ఫ్రేము పట్టుకోవాలి. ఒకవైపే పట్టుకునే మోటార్లు లేకపోలేదు గానీ ధర ఎక్కువ.

వెనక చక్రం మీద పడేది మొత్తం బరువులో మూడోవంతు, కాస్త అటూ ఇటూ. తడి మట్టిలో, గులకరాళ్ళ మీద థ్రాటిల్ ఒక్కసారిగా తిప్పితే చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది. తారు రోడ్డు మీద ఈ ఇబ్బంది పెద్దగా ఉండదు. డెల్టా ట్రైక్‌కి ముందు ఫోర్కులో మోటారు సులువుగా కూర్చుంటుంది. అయితే ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి జరిగి ముందు చక్రం తేలికవుతుంది, సరిగ్గా అవసరమైన చోటే జారుతుంది.

పెడల్ దగ్గర బిగించే మిడ్ డ్రైవ్ మంచిదంటున్నారు. హబ్ మోటారే ఎందుకు?

మిడ్ డ్రైవ్ బండి గేర్లను వాడుకుంటుంది కాబట్టి నిటారు ఘాట్ రోడ్లకి అదే మేలు. వారంలో నాలుగు రోజులు 10 శాతం వాలు ఎక్కాల్సిన ఊళ్ళో ఉంటే హబ్ మోటారు జోలికి పోకండి. కానీ ట్రైక్ చైను మామూలు సైకిల్ చైనుకి దాదాపు మూడింతల పొడవు. పుల్లీల మీదుగా, గొట్టాల్లోంచి వెనక్కి వెళ్తుంది. మిడ్ డ్రైవ్ బలమంతా ఆ చైను మీదే పడుతుంది, పుల్లీలు త్వరగా అరుగుతాయి. హబ్ మోటారు చైనును ముట్టుకోదు. దారిలో చైను తెగినా మోటారు మీద ఇంటికి చేరతారు. ఊళ్ళో తిరగడానికి, మైదాన ప్రాంతాలకి హబ్బే సుఖం.

నా బరువు 85 కిలోలు. 250 వాట్లు లాగుతాయా?

లెక్క వేసి చూద్దాం. మీరు 85, ట్రైక్, మోటారు, బ్యాటరీ కలిపి 30, సంచి 5. మొత్తం 120 కిలోలు.

చదునైన రోడ్డు మీద గంటకి 20 కిలోమీటర్ల వేగానికి 100 వాట్లు చాలు. ఆ మాత్రం మీ కాళ్ళే ఇవ్వగలవు. 6 శాతం వాలు, అంటే 100 మీటర్లు వెళ్తే 6 మీటర్లు ఎక్కే రోడ్డు మీద 15 కిలోమీటర్ల వేగం కావాలంటే సుమారు 350 వాట్లు కావాలి. మీరు 100 ఇస్తే మోటారు 250 ఇవ్వాలి. అంటే ఫ్లైఓవర్లకి, ఊరి ఎత్తుపల్లాలకి సరిపోతుంది. అదే 10 శాతం వాలు అయితే 15 వేగానికి 540 వాట్లు దాకా కావాలి. అక్కడ 250 వాట్ల మోటారుతో వెళ్ళొచ్చు గానీ, వేగం ఎనిమిదికి దించుకుని, మీరూ గట్టిగా తొక్కాలి.

లైసెన్సు, రిజిస్ట్రేషను కావాలా?

మన దేశంలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు 30 నిమిషాల పవరు (అరగంట ఆగకుండా ఇవ్వగలిగేది) 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలకి మించకుండా ఉంటే దాన్ని మోటారు వాహనంగా చూడరు. ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, తగిన బ్రేకులు ఉండాలి. ఆ మోడల్‌కి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదం కూడా అడుగుతారు, ఇంట్లో బిగించుకున్న కిట్టుకి ఇబ్బంది వచ్చేది అక్కడే. వెయ్యి వాట్ల కిట్టు పెట్టి ‘పెడళ్ళున్నాయి కదా, సైకిలే’ అంటే నడవదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి: అక్కడి ఫెడరల్ నిర్వచనంలో పెడళ్ళున్న మూడు చక్రాల బండి కూడా ఉంది. మోటారు 750 వాట్ల లోపు, మోటారు మీదే వెళ్తే వేగం గంటకి 20 మైళ్ళ లోపు. రోడ్డు మీద నడిపే నిబంధనలు ఏ రాష్ట్రానికవే. యూరప్‌లో 250 వాట్లు, 25 కిలోమీటర్లు, అదీ తొక్కుతున్నంతసేపే.

## మోటారు ఎంచుకునేటప్పుడు

గేర్డ్ హబ్, డైరెక్ట్ డ్రైవ్ అంటున్నారు. నాకేది నప్పుతుంది?

గేర్డ్ హబ్ లోపల చిన్న మోటారు వేగంగా తిరుగుతుంది. దాని వేగాన్ని నైలాన్ పళ్ళచక్రాలు తగ్గించి బలాన్ని పెంచుతాయి. బరువు రెండు మూడు కిలోలు. లోపల క్లచ్ ఉంటుంది కాబట్టి మోటారు ఆపి తొక్కినా బరువుగా అనిపించదు. ఆ క్లచ్ వల్లే రీజెన్, అంటే మోటారుతో బ్రేకు వేసి బ్యాటరీకి కరెంటు పంపడం, కుదరదు.

డైరెక్ట్ డ్రైవ్‌లో పళ్ళు లేవు, క్లచ్ లేదు, అరిగేవి బేరింగులే. బరువు నాలుగు నుంచి ఏడు కిలోలు. చప్పుడు ఉండదు, రీజెన్ ఉంటుంది. మోటారు ఆపి తొక్కితే అయస్కాంతాలు వెనక్కి పట్టుకున్నట్టు లాగుతాయి.

మీ వెనక చక్రం 26 అంగుళాలైతే గేర్డ్ హబ్ తీసుకోండి. 20 అంగుళాలైతే డైరెక్ట్ డ్రైవ్ గురించి ఆలోచించండి. చిన్న చక్రం అదే వేగానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, డైరెక్ట్ డ్రైవ్‌కి కావాల్సింది అదే. సైకిల్‌కి ఏడు కిలోల వెనక చక్రం అంటే మెట్లెక్కించేటప్పుడు చుక్కలు కనిపిస్తాయి. ట్రైక్‌ని ఎలాగూ మెట్లెక్కించరు, పైగా ఆ బరువు వెనక చక్రానికి పట్టు ఇస్తుంది. ఘాట్లు దిగే అలవాటున్నవాళ్ళకి రీజెన్ అదనపు లాభం.

ఒకే మోటారు 200, 260, 330 ఆర్‌పీఎమ్‌లలో (నిమిషానికి తిరిగే చుట్లు) దొరుకుతోంది. ఏది తీసుకోవాలి?

చక్రం చుట్టుకొలతతో గుణించి చూడండి. 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకి సుమారు మీటరున్నర వెళ్తుంది, 26 అంగుళాలది రెండు మీటర్ల పైచిలుకు. 200 ఆర్‌పీఎమ్ మోటారు 26 చక్రంలో గంటకి 25 కిలోమీటర్లు ఇస్తే 20 చక్రంలో 18 ఇస్తుంది. 260 అయితే 20 చక్రంలో 23, 330 అయితే 30 దగ్గర. ఇవన్నీ చక్రం గాల్లో తిరిగినప్పటి లెక్కలు. మనిషి కూర్చున్నాక పదీ ఇరవై శాతం కోసేయండి.

అందరూ పెద్ద అంకె వైపు చూస్తారు. నేనైతే 20 చక్రానికి 260 అంటాను. ఎక్కువ ఆర్‌పీఎమ్‌కి చుట్టిన మోటారు ఎత్తులో తనకి నప్పే వేగానికి చాలా కింద తిరుగుతూ కరెంటును వేడిగా మారుస్తుంది. ట్రైక్ మీద నేలకి అడుగు ఎత్తున కూర్చున్నవాడికి 22 వేగమే 35లా ఉంటుంది.

36 వోల్టులా, 48 వోల్టులా?

మోటారు వేగం వోల్టుల మీద, లాగే బలం ఆంపియర్ల మీద ఆధారపడతాయి. 36 వోల్టుల బ్యాటరీ నిండా ఉన్నప్పుడు 42, 48ది 54.6 చూపిస్తుంది. 36 వోల్టులకి 23 వేగం ఇచ్చే మోటారు 48కి 30 ఇస్తుంది. ఊళ్ళో వాడకానికి 36 వోల్టులు, 15 ఆంపియర్ల కంట్రోలరు (బ్యాటరీ నుంచి మోటారుకి వెళ్ళే కరెంటుని అదుపు చేసే పెట్టె) చాలు. బరువు ఎక్కువ, ఎత్తులు ఎక్కువ అయితే 48 తీసుకుని, తక్కువ ఆర్‌పీఎమ్ మోటారు పెట్టండి.

ట్రైక్ పడిపోదు కదా, ఎత్తు ఎంత నెమ్మదిగా ఎక్కితే మోటారుకి అంత మంచిది కాదా?

హబ్ మోటార్లు కాలిపోవడానికి అసలు కారణం ఈ నమ్మకమే. రెండు చక్రాల సైకిల్ మీద వేగం ఐదారుకి పడితే బండి ఊగుతుంది, దిగి నడిపిస్తాం. మోటారు బతికిపోతుంది. ట్రైక్ మీద నాలుగు కిలోమీటర్ల వేగంతో కూడా హాయిగా పాకుతూ పోవచ్చు. ఆ వేగంలో మోటారు దాదాపు ఆగినట్టే. కంట్రోలరు మాత్రం పూర్తి ఆంపియర్లు పంపుతూనే ఉంటుంది, అందులో ఎక్కువ భాగం తీగచుట్టల్లో వేడి అవుతుంది. కరెంటు రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలు.

గేర్డ్ హబ్‌లో ఇంకో తిరకాసుంది. వేడి పుట్టే భాగానికీ బయటి డొప్పకీ మధ్య గాలి ఖాళీ ఉంటుంది. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగానే ఉంటుంది, లోపల నైలాన్ పళ్ళు మెత్తబడుతుంటాయి. బయట చెయ్యి పెట్టలేనంత వేడి తగిలిందంటే లోపల అప్పటికే హద్దు దాటింది. లోపల ఉష్ణోగ్రత సెన్సర్ ఉన్న మోటారు దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. లేకపోతే ఎత్తులో వేగం పది కిందకి పడకుండా చూసుకోండి: చిన్న గేరు వేసి గట్టిగా తొక్కండి. అలా కుదరకపోతే అసిస్ట్ (మోటారు ఇచ్చే సాయం) తగ్గించండి, లేదా మధ్యలో ఆగి పది నిమిషాలు నీడన కూర్చోండి.

చప్పుడు ఇబ్బంది పెడుతుందా?

మోటారు మీ వీపు వెనకే ఉంటుంది, ఫ్రేము గొట్టం ఆ చప్పుడుని సీటు దాకా మోసుకొస్తుంది. సైకిల్ మీద వినపడని గేర్డ్ హబ్ గీమనే చప్పుడు ట్రైక్ మీద వినిపిస్తుంది. మోటారుకి కరెంటుని ఒడిదుడుకులు లేకుండా పంపే సైన్ వేవ్ కంట్రోలరు తీసుకుంటే సగం తగ్గుతుంది.

## బ్రేకులు ఎంచుకునేటప్పుడు

ముందు చక్రాలకి డ్రమ్మా, డిస్కా?

రెండూ పనిచేస్తాయి, ఎక్కడ తిరుగుతారన్నదే తేల్చుకోవాలి. డ్రమ్ము లోపల వాన పడదు, దుమ్ము పడదు, వంకర పోదు, ఏళ్ళ తరబడి చెయ్యి పెట్టే పని ఉండదు. ట్రైక్‌లకి స్టర్మీ ఆర్చర్ డ్రమ్ములు 70, 90 మిల్లీమీటర్ల సైజుల్లో వస్తాయి. మోటారు బండికి 90 పెట్టండి. దాని బలహీనత పొడవాటి దిగుడు. వేడి బయటికి పోయే దారి లేక పట్టు సడలుతుంది.

డిస్కు వేడిని గాలికి వదిలేస్తుంది, తక్కువ నొక్కుడుకే ఆపుతుంది. కానీ స్పీడ్ బ్రేకరు పక్కన రాయి తగిలితే రోటర్ (డిస్కు పళ్ళెం) వంగుతుంది, ఆ తర్వాత ప్రతి చుట్టుకీ ‘సిక్, సిక్’ మంటూ రాసుకుంటుంది. మైదానంలో, వాన, బురద ఎక్కువున్న చోట డ్రమ్ము. కొండలుంటే మారు మాట లేకుండా డిస్కు. మీ ట్రైక్ హబ్బులు ఏ రకానివో ముందు చూసుకోండి. డ్రమ్ము హబ్బుని డిస్కుకి మార్చాలంటే చక్రం మొత్తం విప్పి అల్లాల్సిందే.

160 మిల్లీమీటర్ల రోటర్ సరిపోతుందా? 203 వేయించుకోమంటున్నారు.

చిన్న చక్రం ఇక్కడ మీకు సాయం చేస్తుంది. 20 అంగుళాల చక్రానికి 160 రోటర్ ఇచ్చే పట్టు 26 అంగుళాల చక్రానికి 215, 220 రోటర్ ఇచ్చేదానికి సమానం. అలాంటివి మీకు రెండున్నాయి. ఆపే బలానికి 160 ధారాళంగా చాలు. పెద్ద రోటర్ వల్ల లాభం వేడి తట్టుకోవడంలో మాత్రమే. ఘాట్లు దిగే బరువైన మనిషికి 180 మంచిది. 203 వేసుకునే ముందు మలుపులో చక్రం పూర్తిగా తిరిగినప్పుడు స్టీరింగు రాడ్డుకి తగులుతుందేమో కొలవండి.

కేబుల్ డిస్కా, హైడ్రాలిక్ డిస్కా?

కేబుల్ రకంలో రెండు ప్యాడ్లనీ విడివిడిగా సర్దుకోగలిగేది తీసుకోండి. ఎవిడ్ బీబీ7 ట్రైక్‌లవాళ్ళలో పేరు తెచ్చుకున్నది అందుకే. కేబుల్ తెగితే వీధి చివర సైకిల్ షాపులో దొరుకుతుంది. హైడ్రాలిక్ మెత్తగా, వేలితో ఆపేంత బలంగా ఉంటుంది. చేతుల్లో బలం తక్కువున్నవాళ్ళకి అదే నయం. షిమానోవి మినరల్ ఆయిల్‌తో, ఎవిడ్, స్రామ్ వాటిలో ఎక్కువ భాగం డాట్ అనే బ్రేకు ద్రవంతో నడుస్తాయి. ఒకదానిలో ఇంకోటి పోస్తే సీళ్ళు పాడవుతాయి. ‘బండి షోరూములో ఉన్న ఆయిలే పోసేద్దాం సార్’ అనే మెకానిక్‌ని ఆపండి.

ఒక చేతి బ్రేకు నొక్కితే బండి అటు లాగుతోంది. లోపమా?

టాడ్‌పోల్‌లో ఎడమ లివరు ఎడమ చక్రాన్ని, కుడి లివరు కుడి చక్రాన్ని ఆపడం మామూలు. మంచి ట్రైక్‌లలో స్టీరింగు పివోటు గీతను కిందికి పొడిగిస్తే అది టైరు నేలను తాకేచోట కలుస్తుంది. అప్పుడు ఒక్క బ్రేకే వేసినా హ్యాండిల్ పెద్దగా లాగదు. ఇంట్లో వెల్డింగు చేయించుకున్న బండ్లలో ఈ కోణం తప్పుతుంది, లాగుడంతా అక్కడిదే. కొంచెం లాగితే అలవాటు పడొచ్చు. చేతిలోంచి హ్యాండిల్ గుంజుకున్నట్టుంటే మోటారు సంగతి వదిలేసి ముందు అది సరిచేయించండి.

రెండూ సమానంగా నొక్కినా ఒకవైపే లాగితే కేబుల్ సర్దుబాటు తేడా, లేదా ఒకవైపు ప్యాడ్ మీద నూనె పడింది.

రీజెన్ ఉంటే డిస్కుల ఖర్చు ఎందుకు?

రీజెన్ వెనక ఒక్క చక్రాన్నే పట్టుకుంటుంది, దానిమీద బరువు తక్కువ. బ్యాటరీ నిండా ఉంటే కరెంటుకి చోటుండదు, కొన్ని బ్యాటరీల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఠక్కున కట్ చేస్తుంది, బ్రేకు మాయమవుతుంది. వేగం బాగా తగ్గాక రీజెన్ ఉండదు, కాబట్టి పూర్తిగా ఆపలేదు. కొండమీది ఇంటినుంచి పొద్దున్నే నిండు బ్యాటరీతో దిగేవాళ్ళు చార్జింగు 85, 90 శాతం దగ్గర ఆపుకోండి. వెనక్కొచ్చే కరెంటు మామూలు ఊరి ప్రయాణంలో పది శాతం లోపే. దాని అసలు లాభం ప్యాడ్లు మిగలడం.

వెనక చక్రానికి బ్రేకే లేదు. పర్వాలేదా?

ఆపడానికి ముందు రెండూ చాలు. నిలబెట్టడానికి పార్కింగు బ్రేకు మాత్రం ఉండాలి. ట్రైక్‌కి స్టాండు లేదు, ఏ కాస్త వాలున్నా దొర్లుతుంది. సీట్లోంచి లేచే క్షణంలో కదిలితే పెద్దవాళ్ళు పడిపోతారు. బొత్తాం నొక్కితే లాకయ్యే లివరు ఒకటి పెట్టుకోండి. అప్పటిదాకా లివరు చుట్టూ వెల్క్రో పట్టీ చుట్టినా పని జరుగుతుంది.

నాకు ఒక చెయ్యే పనిచేస్తుంది. రెండు లివర్లు ఎలా?

ఒకే లివరు రెండు కేబుళ్ళను లాగే రకం ఉంది. ముందు రెండు చక్రాలూ దానికి కలపండి. కేబుళ్ళు సమానంగా లాగేలా సర్దడం ముఖ్యం, నెలకోసారి చూసుకోవాలి. ఆ ఒక్క లివరూ తెగితే గతి ఉండాలి కాబట్టి వెనక చక్రానికి విడిగా ఇంకో బ్రేకు పెట్టించండి.

గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రం పైకి లేస్తోంది!

బరువు ముందుకి ఎక్కువైంది. బ్యాటరీని సీటు వెనక క్యారియరు మీదికి మార్చండి, సీటుని ఇంకాస్త వాల్చండి.

## బిగించేటప్పుడు

టార్క్ ఆర్మ్ (యాక్సిల్ తిరిగిపోకుండా ఫ్రేముకి పట్టి ఉంచే పట్టీ) తప్పనిసరా? నట్లు గట్టిగా బిగించాం కదా.

తప్పనిసరి. మోటారు చక్రాన్ని ముందుకి తిప్పితే యాక్సిల్ వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది రెండు పక్కలా చదును చేసిన 10 మిల్లీమీటర్ల భాగం మాత్రమే. 40 న్యూటన్ మీటర్ల మోటారు ఆ కొద్ది ఇనుము మీద కొన్ని వందల కిలోల ఒత్తిడి పెడుతుంది. అల్యూమినియం ఫ్రేము విచ్చుకుంటే యాక్సిల్ గిర్రున తిరిగి వైర్లన్నీ తెగుతాయి. రీజెన్ వాడితే ఒత్తిడి రెండు దిక్కులా మారుతుంటుంది, వెంట్రుకంత సందున్నా నట్లు వదులవుతాయి. రీజెన్‌కి రెండు వైపులా ఆర్మ్‌లు పెట్టండి.

20 అంగుళాల రిమ్ములో స్పోకులు ఎలా అల్లించాలి?

లావు స్పోకులు వద్దు, 2 మిల్లీమీటర్లవి చాలు. మోటారు అంచు పెద్దది, రిమ్ము చిన్నది కాబట్టి స్పోకు పొట్టిగా ఉండి రిమ్ములోకి ఏటవాలుగా దిగుతుంది. మామూలుగా అల్లినట్టు మూడు క్రాసులు వేస్తే, అంటే ఒక్కో స్పోకు మరో మూడింటిని దాటేలా అల్లితే, నిపుల్ (రిమ్ములో స్పోకుని బిగించే చిన్న నట్టు) దగ్గరే విరుగుతుంది. ఒక్క క్రాసు వేయమనండి. రిమ్ము మీద 406 అని ఉందో 451 అని ఉందో చూసి టైరు కొనండి, రెంటినీ 20 అంగుళాలనే అమ్ముతారు.

బ్రేకు నొక్కగానే మోటారు ఆగే లివర్లు ఒకదానికి చాలా?

రెండు లివర్లకీ కావాలి. ఎడమది నొక్కితే ఆగి కుడిది నొక్కితే ఆగకపోతే కంగారులో ఏది నొక్కుతారో తెలీదు. హైడ్రాలిక్ లివరుకి అతికించే అయస్కాంతం సెన్సర్లు విడిగా దొరుకుతాయి.

పెడల్ సెన్సర్ (తొక్కుతున్నట్టు కంట్రోలరుకి తెలిపేది) వైరు అందట్లేదు.

కిట్లన్నీ సైకిల్ కొలతకి చేసినవి. ట్రైక్ పెడళ్ళు బండి ముక్కు దగ్గర, కంట్రోలరు సీటు వెనక. ఎక్స్‌టెన్షను వైరు ఆర్డరులోనే అడగండి. బూమ్ (పెడళ్ళుండే ముందు గొట్టం) ముందుకీ వెనక్కీ జరుపుకునేంత వదులు వదలండి.

వెనక పంక్చరైతే?

మోటారు కనెక్టరు యాక్సిల్‌కి జానెడు దూరంలో ఉండేలా చూసుకుంటే చక్రం ఊడదీయడం అరగంట పని. యాక్సిల్ నట్టుకి సరిపోయే స్పానరు సంచిలో లేకపోతే మాత్రం తోయడమే గతి.

## రోడ్డెక్కాక

కొత్త డిస్కులు పట్టట్లేదు.

ప్యాడ్లు, రోటర్ ఇంకా కుదురుకోలేదు. ఖాళీ రోడ్డు మీద 20 వేగం అందుకుని, రెండు బ్రేకులూ కలిపి నడక వేగం దాకా తగ్గించండి, పూర్తిగా ఆపకండి. ఇరవై సార్లు చేస్తే తేడా తెలుస్తుంది. రోటర్‌ని వేళ్ళతో ముట్టుకోకండి. చైనుకి స్ప్రే కొట్టేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టండి.

వానలో, నీళ్ళు నిలిచిన రోడ్డు మీద వెళ్ళొచ్చా?

20 అంగుళాల చక్రం యాక్సిల్ నేలనుంచి 24 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, 160 రోటర్ అడుగంచు 16 దగ్గర. నీళ్ళు జానెడు దాటితే వెనక్కి తిరగండి. యాక్సిల్‌లోకి వెళ్ళే వైరు ఒకసారి కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కేలా వంపు పెడితే దాని వెంట కారే నీళ్ళు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. తడిసిన డిస్కు మొదటి చుట్టు రెండు చుట్లు పట్టదు, దానికి తగ్గ దూరం పాటించండి.

ఘాట్ దిగేటప్పుడు ఏ బ్రేకు, ఎలా?

అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు దిగడం లాంటిది ఊహించుకోండి. 120 కిలోల బండి 500 మీటర్ల ఎత్తు దిగితే వదిలే శక్తితో ఒకటింముప్పావు లీటరు నీళ్ళు మరిగించొచ్చు. గాలి, టైర్లు కొంత తింటాయి, మిగిలింది బ్రేకులదే. లివరుని అదేపనిగా మెల్లగా నొక్కి ఉంచకండి. గట్టిగా నొక్కి వేగం బాగా తగ్గించి, పూర్తిగా వదిలేసి గాలి తగలనివ్వండి, మళ్ళీ నొక్కండి. రెండు చక్రాలూ కలిపే వాడండి. పార్కింగు బ్రేకుతో దిగొద్దు. కాలిన వాసన వచ్చినా, లివరు హ్యాండిల్ దాకా వచ్చినా ఆగండి. ఆగాక రోటర్ మీద నీళ్ళు పోయకండి, వంకర పోతుంది.

మోటారు పెట్టాక మలుపుల్లో లోపలి చక్రం లేస్తోంది.

మోటారు వల్ల కాదు, పెరిగిన వేగం వల్ల. 80 సెంటీమీటర్ల వెడల్పుండే ట్రైక్ గంటకి 25 వేగంలో 8, 9 మీటర్ల వ్యాసార్థం మలుపు వరకూ తట్టుకుంటే, 35 వేగంలో దానికి రెట్టింపు కావాలి. మలుపుకి ముందే వేగం తగ్గించి, లోపలి వైపుకి ఒళ్ళంతా వంచండి. మలుపు మధ్యలో బ్రేకు నొక్కితే బరువు ముందుకి, బయటికి దూకుతుంది.

ప్యాడ్లు ఎప్పుడు మార్చాలి?

ప్యాడ్ మీద అరిగే పదార్థం అర మిల్లీమీటరుకి వచ్చేలోపు. రోటర్ కనీస మందం దానిమీదే చెక్కి ఉంటుంది, చాలావాటికి 1.5 మిల్లీమీటర్లు. ఎడమ, కుడి ప్యాడ్లు సమానంగా అరగవు. ఎక్కువ వాడే చేతి వైపువి ముందు అయిపోతాయి. అయినా రెండు వైపులా ఒకేసారి మార్చండి. లేకపోతే బండి ఒకవైపుకి లాగుతుంది.